పాత కోడ్ మార్చే పని అని తీసిపారేయొద్దు

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి ఈమధ్యే ఒక హెల్త్‌కేర్ అనలిటిక్స్ టీమ్‌లో చేరింది. మోడల్స్ మీద పని ఉంటుందనుకుంటే, ఎవరో ఎప్పుడో సాస్ (డేటా విశ్లేషణకు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న సాఫ్ట్‌వేర్)లో రాసిన ప్రోగ్రాములను స్నోఫ్లేక్ (క్లౌడ్‌లో నడిచే కొత్తతరం డేటాబేస్)లోకి మార్చమన్నారట. "ఎవరో విడిచిన బట్టలు ఉతుకుతున్నట్టుంది నాన్నా" అంటోంది. ఉద్యోగం మారమనాలా?

జవాబు: ఇప్పుడే వద్దండి. బయటినుంచి చూస్తే ఒక భాషలో ఉన్నదాన్ని ఇంకో భాషలోకి తిరగరాయడమే కదా అనిపిస్తుంది. అలా అనుకుని మొదలుపెట్టే మేనేజర్లు కూడా బోలెడుమంది, మూడు నెలల్లో అయిపోతుందనుకున్నది ఏడాది దాటి సాగేది అందుకే.

ఎందుకు సాగుతుందో ఒక చిన్న సంగతి చెబుతాను. పద్దెనిమిదేళ్లలోపు పేషెంట్లు ఎంతమంది అని లెక్క తీసే ప్రోగ్రామ్ ఒకటి ఉందనుకోండి. వయసు గడి ఖాళీగా ఉంటే సాస్ ఆ ఖాళీని ఏ సంఖ్య కన్నా అయినా చిన్నదిగానే చూస్తుంది, అంటే వయసు నమోదు కాని ముసలాయన కూడా పోయి పిల్లల లెక్కలో కూర్చుంటాడు. అదే షరతు ఎస్‌క్యూఎల్‌లో, అంటే స్నోఫ్లేక్ లాంటి డేటాబేస్‌లను అడిగే భాషలో రాస్తే ఖాళీ గడి ఉన్న వరుసలు అసలు లెక్కలోకే రావు. కోడ్‌ని పొల్లుపోకుండా మార్చినా రెండు రిపోర్టుల్లో అంకెలు కలవవు. ఇప్పుడు ఏది కరెక్టు? కొత్తదాన్ని పాతదానికి సరిపోయేలా సర్దేస్తే ఆ పూటకి గొడవ వదులుతుంది కానీ ఏళ్లుగా తప్పుగా వస్తున్న అంకె మీద మళ్లీ మనమే ముద్ర వేసినట్టు. ఆ వయసులు ఎక్కడ ఎగిరిపోయాయో వెతకాలి, ఆ రిపోర్టు పట్టుకుని నిర్ణయాలు తీసుకునేది ఎవరో కనుక్కుని వాళ్లతో కూర్చుని తేల్చాలి. స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకి ఇంతకంటే దగ్గరి పని ఏముంటుంది చెప్పండి!

తేదీలూ అంతే. సాస్ తేదీని 1960 జనవరి 1 నుంచి గడిచిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది, కొత్త సిస్టమ్స్‌లో చాలావాటికి లెక్క 1970 జనవరి 1 నుంచి మొదలు. తేడా 3,653 రోజులు. ఆ అంకెను ఉన్నదున్నట్టు ఎత్తిపోస్తే 2024లో అడ్మిట్ అయినాయన 2034లో కనిపిస్తాడు, అది ఎవరైనా పట్టేస్తారు. 2010లో చేరినాయన 2020లోకి జరిగితేనే తంటా, చూడటానికి అంతా మామూలుగానే ఉంటుంది మరి. ఇక జబ్బుల కోడ్‌లు: ఐసీడీ-9 అనే పాత జబ్బుల కోడ్‌ల జాబితాలో 008.45 అనే కోడ్‌ని సంఖ్యగా లోడ్ చేస్తే ముందు సున్నాలు పోయి 8.45 మిగులుతుంది. అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ డేటా అయితే 2015 అక్టోబర్ 1న కొత్త జాబితా ఐసీడీ-10కి మారారు కాబట్టి షుగర్ పేషెంట్లను అంతకుముందు 250తో మొదలయ్యే కోడ్‌లతో, ఆ తర్వాత ఈ10, ఈ11 లాంటివాటితో వెతకాలి. ఇవన్నీ ఏ కోర్సులోనూ ఇంత వివరంగా దొరకవు, అంకెలు కలవక తల పట్టుకున్నప్పుడే వస్తాయి.

అలాగని ఎంతకాలమైనా అక్కడే ఉండమనను. రెండు విషయాలు మేనేజర్‌ని అడగమనండి. పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కన నడిపి తేడాలు చూసే పనిలో తనకూ చోటుందా? మార్పిడి అయ్యాక తను ఏ పనిలో ఉంటుంది? కోడ్‌ని ఒక టూల్‌లో వేసి, వచ్చింది కాపీ చేసి అతికించడమే రోజంతా పని అయితే, ఆరు నెలలు చూసి వేరే ఉద్యోగం వెతుక్కోమనండి, అందులో నేర్చుకునేది లేదు.

నేర్చుకోవాల్సిన వాటిలో ఎస్‌క్యూఎల్ అన్నిటికన్నా ముందు, అందులోనూ విండో ఫంక్షన్లు (వరుసలను గుంపులుగా చూసి ఒక్కో గుంపులో వరస, లెక్క తేల్చేవి), ఎందుకంటే ఒక్కో పేషెంట్‌కి మొదటి విజిట్, చివరి విజిట్ తీసే సాస్ తీరు మార్చాలంటే వాటితోనే పని. తర్వాత పైథాన్, గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను గుర్తుపెట్టుకునేది), డీబీటీ (డేటాబేస్‌లో ఎస్‌క్యూఎల్ మార్పులను పద్ధతిగా నడిపే టూల్). స్నోఫ్లేక్, డేటాబ్రిక్స్, ఇంకోటి అంటూ వరసగా సర్టిఫికెట్లు కొనుక్కుంటూ పోవడం నాకైతే డబ్బు దండగ అనిపిస్తుంది, ఒకటి బాగా వస్తే రెండోది పట్టుబడటానికి ఎన్నాళ్లో పట్టదు. సాస్ వచ్చిందని చిన్నతనం కూడా అక్కర్లేదు, కొత్త మందుల ట్రయల్స్ డేటాను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ఇచ్చేది సాస్ ట్రాన్స్‌పోర్ట్ ఫైళ్లలోనే. సాస్, ఎస్‌క్యూఎల్ రెండూ చదవగలిగిన మనిషి ఇంటర్వ్యూలో ఎప్పుడూ గట్టిగానే నిలబడతారు, "రెండు వందల ప్రోగ్రాములు మార్చాను" అని కాకుండా "ఈ అంకె ఎందుకు కలవలేదో ఇలా కనిపెట్టాను" అని చెప్పగలిగితే.

ఒక్క జాగ్రత్త చెప్పండి. ఇంట్లో ప్రాక్టీస్ చేద్దామని ఆఫీసు డేటా ఒక్క వరుస కూడా బయటికి తేకూడదు, పేర్లు తీసేశాను కదా అన్నా కుదరదు, పుట్టిన తేదీ, పిన్‌కోడ్ కలిస్తే మనిషి ఎవరో తెలిసిపోవచ్చు. సింథియా అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లేని పేషెంట్లకు వైద్య రికార్డులు తయారుచేసి ఇస్తుంది. దాంతో వెయ్యి మందిని సృష్టించుకుని, కొన్ని వయసులు తనే చెరిపేసి, పైన చెప్పిన పిల్లల లెక్క రెండు విధాలుగా వేసి చూడమనండి.