లాక్‌డౌన్‌లో ఓజోన్ పెరిగిందంటే డేటా తప్పని కాదండి

2020 ఏప్రిల్ ఢిల్లీ గాలి కాలుష్యం గ్రాఫ్‌లో బండ్ల పొగ నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ బాగా పడిపోయి ఓజోన్ మాత్రం పెరిగింది, డేటా తప్పేమో అని అడిగారు కదా, టెన్షన్ పడకండి, అలా జరగడానికి కారణం ఉంది. బండ్ల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ నేల దగ్గరి ఓజోన్‌ని (ఇదీ కాలుష్యమే) తినేస్తుంది. మార్చి 25 నుంచి బండ్లు దాదాపు ఆగిపోయాయి, ఆ పొగ తగ్గింది, పైగా ఎండలు ముదిరే రోజులు, దాంతో ఓజోన్ మిగిలిపోయింది. గంటల వారీగా గీసి రాత్రి, ఉదయం విలువలు చూడండి, తేడా అక్కడే బాగా తెలుస్తుంది.

అసలు పొరపాటు ఇంకోచోట ఉంది. మీరు జనవరితో పోల్చారు. చలికాలంలో పొగ నేలకు అణిగి ఉంటుంది, ఎండాకాలం వచ్చేసరికి గాలి పైకి లేచి చెదిరిపోతుంది, లాక్‌డౌన్ లేకపోయినా కాలుష్యం తగ్గేదే. 2019లో అవే తేదీలు తీసుకోండి, వాన కాలుష్యాన్ని కడిగేస్తుంది కాబట్టి వాన పడ్డ రోజులకు విడిగా గుర్తు పెట్టండి.

పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నటి ధూళి కణాలు, సున్నాకి ఎందుకు రాలేదంటే పొయ్యిలు, థర్మల్ ప్లాంట్లు, దుమ్ము ఆగలేదు కాబట్టి. మాది హైదరాబాద్‌లో మెయిన్ రోడ్డు పక్క ఇల్లు, రోజూ కిటికీ చువ్వలు తుడిస్తే గుడ్డకి నల్లటి మసి అంటేది, ఆ ఏప్రిల్‌లో కూడా దుమ్ము అంటింది కానీ మట్టి రంగులో.