తీర్పు పేజీ ఖాళీగా వదిలెయ్

అనంతపురం

తమ్ముడూ,

పిల్లలు లాయర్లుగా, సాక్షులుగా, జడ్జిలుగా క్లాసులో ఆడేందుకు నువ్వు రాసి పంపిన మాక్ కేసు (ఉత్తుత్తి కోర్టు కేసు) రెండుసార్లు చదివాను. తొమ్మిదో తరగతి పిల్లల కోసం మన శనక్కాయ రైతునే ఎత్తుకున్నందుకు సంతోషం. విత్తనాలు మొలవలేదు, రైతు అంగడాయన మీద కేసు వేశాడు, గెలిచాడు. చదువుతుంటే కళ్ళు తడిశాయి. కానీ అది కథ అయింది, కేసు కాలేదు. రెండో పేజీకే అంగడాయన మోసగాడని నువ్వే చెప్పేశావు. ఇక లాయర్లుగా నిలబడే పిల్లలు దేనికోసం వాదించాలి? జడ్జి కుర్చీలో కూర్చునే పాప ఏం తేల్చాలి?

కథలో ఎవరి మనసులో ఏముందో రచయితకు తెలుసు. కోర్టులో ఆ వసతి ఎవరికీ లేదు. విత్తిన రోజు జడ్జి ఆ చేలో లేడు, లాయర్లూ లేరు. వాళ్ళ ముందున్నది ఒక బిల్లు, ముగ్గురు మనుషుల మాటలు. వాటితోనే తేల్చుకోవాలి. పిల్లలకు ఆ కష్టం తెలియాలనే కదా ఇదంతా చేస్తున్నాం. అందుకని నీకు తెలిసిన నిజాన్ని కాగితం మీద పెట్టొద్దు. ఏ సాక్షి కంట ఏది పడిందో అంతవరకే రాయి.

నీ కేసే తీసుకుందాం. మొలక రాకపోవడానికి విత్తనం ఒక్కటే కారణమా? పదును చాలకపోయి ఉండొచ్చు. గొర్రు లోతుగా దిగి ఉండొచ్చు. విత్తాక వాన మొహం చాటేసి ఉండొచ్చు. మన ఎర్రనేలల్లో ఇవన్నీ మామూలే, అంగడాయన తరఫు పిల్ల అడగాల్సినవీ ఇవే. పక్కచేని పెద్దాయనను సాక్షిగా తీసుకురా. ఆయనా అదే వారంలో విత్తాడు, ఆయన చేను మొలిచింది. రైతుకు బలమే. కానీ ఆయన విత్తింది ఇంట్లో దాచుకున్న కాయలు, అదీ రెండు రోజులు ముందు, వాన పడిన మర్నాడే. ఇప్పుడు ఆ సాక్ష్యం ఎటు మొగ్గుతుంది? అట్లాంటి సాక్షి ఒక్కడుంటే చాలు, పీరియడంతా ఆయన చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో చిక్కుంది, దాన్ని వదులుకోవద్దు. విత్తనం నాసిదని తేల్చాలంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించాలని అంగడాయన అంటాడు. రైతేమో గింజ మిగలకుండా విత్తేశాడు. ఇక పరీక్షకు ఏం పంపాలి? ఈ వాదన నిజంగానే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, అదీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అని, రేపు పరీక్షకు కావాలని కొన్న విత్తనంలో కొంత పక్కన పెట్టుకుంటాడని రైతు నుంచి ఆశించలేమని 2012లో కోర్టు చెప్పింది. ఈ రెండు మాటలూ ఒక కాగితం మీద రాసి రెండు పక్షాల లాయర్లకూ ముందే ఇవ్వు. అయినా రైతు పని అయిపోలేదు. మొలక రాకపోవడానికి విత్తనమే కారణమని ఏదో ఒక దారిలో చూపించాలి. వ్యవసాయ అధికారి చేను చూసి రాసిన రిపోర్టు ఒకటి పెట్టు. అందులో మొలక శాతం ఉండనీ, నేలలో తేమ గురించి మాత్రం ఒక్క ముక్కా ఉండొద్దు.

పోయినేడాది ఒక హైస్కూల్లో ఇట్లాంటి కేసే ఆడించాను. రైతు బావమరిదిగా నిలబడిన పిల్లాడు, మొలకలు రాలేదని గట్టిగా చెప్పాడు. లాయరు పాప లేచి, "నువ్వు పోయి చూసినావా? మీ బావ చెప్తే విన్నావా?" అంది. వాడు చేతిలో కాగితం కిందా మీదా తిప్పాడు. అందులో దానికి జవాబు లేదు, నేను రాయలేదు. కాసేపాగి, "నేను చూడల్యా, బావ చెప్పినాడు" అన్నాడు. క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దం. వినికిడి మాట సాక్ష్యానికి చాలదని ఆ పాపకు ఎవరూ చెప్పలేదు, తనే పట్టుకుంది. అప్పటి నుంచి నేను ఏ వాంగ్మూలం రాసినా, ఆ మనిషి ఎక్కడ నిలబడి చూశాడు, ఎంత దూరం, పక్కన ఎవరున్నారు అన్నది ముందు నాకు నేను తేల్చుకుంటాను. వాంగ్మూలాలు మన యాసలోనే రాయి. "వాన రాల్యా" అనే మనిషి చేత "వర్షపాతం నమోదు కాలేదు" అనిపించొద్దు.

తర్వాతి కేసు హాస్టల్లో సెల్‌ఫోన్ దొంగతనం అన్నావు. అక్కడ మాత్రం జాగ్రత్త. నా మొదటి కేసు అట్లాంటిదే. నిందితుడి వేషం వేసిన పిల్లాణ్ణి ఆ తర్వాత కొన్ని నెలల పాటు తోటివాళ్ళు దొంగ అనే పిలిచారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పిల్లలు బతికే చోటును కేసులోకి లాగొద్దు. పైగా నేను పద్నాలుగేళ్ళవాణ్ణి మామూలు కోర్టు బోనులో నిలబెట్టాను. చట్టం ప్రకారం ఆ వయసు వాళ్ళను తీసుకెళ్ళాల్సింది జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు. నిందితుడు పెద్దవాడై ఉండాలి, చోటు బస్టాండో సంతో అయితే మేలు. దొంగతనానికి పాత ఐపీసీలోని సెక్షన్ 379 అని పాత అలవాటుగా రాసేవు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, దొంగతనం అందులో సెక్షన్ 303.

ఈ రెండు కేసులకూ ఉన్న తేడా పిల్లలకు తెలిసిపోవాలి. దొంగతనం కేసులో సహేతుకమైన సందేహం మిగిలితే నిందితుణ్ణి వదిలెయ్యాల్సిందే. శనక్కాయ కేసులో అంత అక్కర్లేదు, ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో చూస్తే చాలు. చాలామంది పెద్దవాళ్ళకే ఇది తెలియదు.

రాసే ముందు ఒక రోజు జిల్లా కోర్టుకు వెళ్ళి వెనక బెంచీలో కూర్చో. విచారణ బహిరంగంగా జరగాలన్నది చట్టమే, మామూలుగా నిన్నెవరూ వద్దనరు. ఛీఫ్‌లో, అంటే తన సాక్షిని తనే అడిగేటప్పుడు, సొంత లాయరు జవాబు నోటికందించే ప్రశ్న వేస్తే అవతలి లాయరు ఎట్లా లేస్తాడో, క్రాస్‌లో, అంటే అవతలి పక్షం సాక్షిని అడిగేటప్పుడు, అదే ప్రశ్న ఎట్లా చెల్లుతుందో చూడు. సుత్తి, గీత మీద ప్రమాణం, జ్యూరీ, ఇవన్నీ సినిమా కోర్టులోవి, నీ డ్రాఫ్టులోంచి తీసెయ్.

ఒక మాట మొదటి పేజీలోనే రాయాలి. శనక్కాయ కేసు లాంటివి వెళ్ళే వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యం ఎక్కువగా అఫిడవిట్ల (ప్రమాణం చేసి రాసిచ్చే పత్రాల) మీదే నడుస్తుంది. పిల్లలకు క్రాస్ చూపించాలని మనం సాక్షులను నిలబెడుతున్నాం. ఆ మార్పు మనం చేసిందని వాళ్ళకు చెప్పాలి. కమిషన్‌లో అధ్యక్షుడితో పాటు సభ్యులుంటారు కాబట్టి ముగ్గురు పిల్లలను కూర్చోబెట్టు. ముగ్గురూ ఒక్క మాట మీదకు రాకపోతే రాకపోనీ. ఎవరిని ఎందుకు నమ్మారో ఎవరికి వాళ్ళు పది వాక్యాలు రాయాలి.

మళ్ళీ రాసి పంపు. దసరా సెలవులయ్యాక ఆ స్కూల్లో ఆడిద్దాం, నేనూ వస్తాను. జడ్జిలుగా కూర్చునే ముగ్గురికీ అప్పటిదాకా కేసు చూపించొద్దు.

మీ అన్న