రూమ్మేట్ పోతే బాడీ మన చేతికి ఎందుకివ్వరు?

మొన్న ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చిన ఎంఎస్ పిల్లల్లో ఒకడు అడిగాడు: "అన్నా, మాతో ఉండేవాడు హఠాత్తుగా పోతే మేమే వెళ్లి బాడీ తెచ్చుకోవచ్చా?" వాళ్లకు తెలిసినవాళ్ల ఇంట్లో ఈమధ్యే అలాంటిది జరిగిందట, టెన్షన్ పడుతున్నాడు. డాలస్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను, ఇలాంటి మూడు సందర్భాల్లో దగ్గరుండి తిరిగాను. అందుకే రాస్తున్నాను.

తెచ్చుకోలేరు తమ్ముడూ. ఒకే కంచంలో తిన్నా, స్నేహితుడికి చట్టంలో ఆ హక్కు లేదు. టెక్సస్‌లో మొదటి హక్కు, పోయిన మనిషి బతికుండగా కాగితం మీద ఎవరి పేరు రాసి పెట్టాడో వాళ్లది. ఆ కాగితం లేకపోతే భార్య లేదా భర్త, తర్వాత మేజర్లైన పిల్లలు, తర్వాత తల్లిదండ్రులు, ఆ తర్వాత తోబుట్టువులు. పెళ్లికాని కుర్రాడైతే హక్కున్నవాళ్లు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటారు.

మన దగ్గర పోలీసులు పంచనామా చేసి, గవర్నమెంటాస్పత్రిలో పోస్ట్‌మార్టం చేయిస్తారు కదా. ఇక్కడ ప్రమాదమో, ఆత్మహత్యో, నిద్రలో పోవడం లాంటి కారణం తేలని చావో అయితే కౌంటీ (మన జిల్లా లాంటిది) మెడికల్ ఎగ్జామినర్, అంటే చావుకు కారణం తేల్చే ప్రభుత్వ డాక్టర్ చూస్తారు. చిన్న కౌంటీల్లో ఆ విచారణ జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక జడ్జి చేతిలో ఉంటుంది. అవసరమనుకుంటే పోస్ట్‌మార్టం చేస్తారు, దానికి ఇంటివాళ్ల అనుమతి అక్కర్లేదు. రక్తపరీక్షల ఫలితాలకు వారాలు పట్టి, డెత్ సర్టిఫికెట్‌లో కారణం దగ్గర 'పెండింగ్' అని ఉండొచ్చు. అది చూసి కంగారుపడకండి, బాడీని అన్నాళ్లూ ఆపరు.

నేను మొదటిసారి మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి కిటికీ దగ్గర అడిగిన మాట ఇంకా గుర్తుంది: "మీరు ఆయనకు ఏమవుతారు?" నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ అబ్బాయి ఫోన్ లాక్‌లో ఉంది. వాళ్ల నాన్న నంబరు మాలో ఎవరి దగ్గరా లేదు. ఊరి పేరు పట్టుకుని, ఎవరెవరినో అడిగి, నంబరు దొరికేసరికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ కన్నతల్లికి కొడుకు పోయిన సంగతే తెలియదు.

ఎవరూ ముందుకు రాకపోతే ఆ శవం 'అన్‌క్లెయిమ్డ్', అంటే అనాథ శవం లెక్కలోకి పోతుంది. లాస్ ఏంజిలెస్ కౌంటీ దహనం చేసి, అస్థికలను మూడేళ్లదాకా ఉంచి, తర్వాత అందరివీ కలిపి ఒకే గోతిలో పూడ్చుతుంది. న్యూయార్క్‌లో 1869 నుంచి హార్ట్ ఐలాండ్‌లో పూడ్చినవాళ్లు పది లక్షలకు పైనే. మా పక్కనే ఫోర్ట్ వర్త్ సంగతి 2024లో బయటపడింది. డాలస్, టారంట్ కౌంటీలు ఇలాంటి శవాలను 2019 నుంచి రెండు వేలకు పైగా అక్కడి యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ హెల్త్ సైన్స్ సెంటర్‌కు పంపాయి. వందల శరీరాలను కోతకు, శిక్షణకు వాడారు. వాళ్లలో కొందరికి కుటుంబాలున్నాయి, తమవాళ్లు పోయిన సంగతి కూడా వాళ్లకు తెలియదు. వార్త వచ్చాక ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. అనాథ అంటే ఎవరూ లేనివాడని అనుకుంటాం. ఇక్కడ నంబరు దొరకనివాడు కూడా అనాథే అవుతాడు.

కాబట్టి జరిగితే మొదట ఇంటికి చెప్పండి. వాట్సాప్ గ్రూపులో ఫొటో, చందాల పేజీ పెట్టడం ఆ తర్వాతే. ఒక తల్లికి ఆ కబురు ఫార్వర్డ్‌లో చేరకూడదు. తర్వాత కాన్సులేట్‌కు మీరే ఫోన్ చేయండి, టెక్సస్‌కైతే హ్యూస్టన్. విదేశీయుడు చనిపోతే అతని దేశపు కాన్సులేట్‌కు తెలియజేయాలని 1963 నాటి వియన్నా ఒప్పందం చెబుతుంది గానీ, అతను ఇండియన్ అని కౌంటీకి తెలిసినప్పుడే కదా! బాడీని మనుషులకు కాదు, అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యూనరల్ హోమ్‌కే ఇస్తారు. తల్లిదండ్రులు ఫలానావారికి అప్పగిస్తున్నామని సంతకం చేసిన ఉత్తరం స్కాన్ చేసి పంపాలి, నోటరీ కూడా అడగొచ్చు. ఇండియాకు పంపాలంటే డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ (శవం పాడవకుండా మందులు ఎక్కించడం) సర్టిఫికెట్, అంటువ్యాధి లేదన్న ఉత్తరం, రద్దు చేసిన పాస్‌పోర్ట్, కాన్సులేట్ ఎన్‌ఓసీ కావాలి. ఈ తిరుగుడంతా అలవాటున్న ఫ్యూనరల్ హోమ్‌లు, తెలుగు సంఘం తానా వాళ్ల టీమ్ స్క్వేర్ లాంటి వాలంటీర్లు చూసుకుంటారు. ఫ్యూనరల్ హోమ్‌లు ఫోన్‌లోనే ధర చెప్పాలని ఫెడరల్ రూల్ ఉంది, రెండు మూడు చోట్ల అడగండి. మీ స్టూడెంట్ ఇన్సూరెన్స్‌లో 'రిపాట్రియేషన్ ఆఫ్ రిమెయిన్స్' (శవాన్ని స్వదేశానికి పంపే ఖర్చు) ఉందో లేదో ఈరోజే చూసుకోండి. నిజంగా స్తోమత లేనివాళ్లకు కాన్సులేట్ దగ్గర కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది.

టెక్సస్‌లో 'అపాయింట్‌మెంట్ ఫర్ డిస్పోజిషన్ ఆఫ్ రిమెయిన్స్' అనే ఫారం దొరుకుతుంది, మొదట్లో చెప్పిన కాగితం ఇదే. దగ్గరలో ఉన్న నమ్మకస్తుడి పేరు రాసి, నోటరీ ముందు సంతకం చేయాలి. ఆ నమ్మకస్తుడు కూడా బాధ్యత తీసుకునే ముందు అందులో సంతకం పెట్టాలి. అశుభం అనుకోవద్దు. ఆదివారం వచ్చిన ఆ పిల్లలు వెళ్లేముందు అమ్మానాన్నల నంబర్లు కాగితం మీద రాసి ఒకరికొకరు ఇచ్చుకున్నారు. ఒక కాగితం మా ఫ్రిజ్ మీద కూడా అంటించి వెళ్లారు.