బ్రౌన్ షుగర్ మానిన తమ్ముడికి నెలల తరబడి నాలుక కింద మాత్ర ఎందుకు?

మీరు చెప్పినదాన్ని బట్టి, బరంపురంలో ఉండే మీ తమ్ముడు రెండేళ్లు బ్రౌన్ షుగర్ (కల్తీ హెరాయిన్) పీల్చాడు. డీ-అడిక్షన్ సెంటర్లో నెల ఉండి వచ్చాడు. వచ్చిన వారానికే మళ్లీ పీల్చి ఊపిరి ఆగేదాకా వెళ్లాడు, ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇస్తే లేచాడు. ఇప్పుడు డాక్టరు నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్ మాత్ర రాస్తే, పర్లాకిమిడిలో ఉన్న మీ పెదనాన్నగారు "ఒక మత్తు పోయి ఇంకో మత్తు" అంటున్నారు. మాత్ర వేయించండి.

కొండవైపు ఊళ్లలో మనవాళ్లు ఎక్కువగా చూసింది గంజాయి, సారా. అందుకే "నెల మాన్పిస్తే సరిపోతుంది" అనే లెక్క పాతుకుపోయింది. గంజాయి మానినవాడు మళ్లీ తాగినా ఊపిరి ఆగదు. బ్రౌన్ షుగర్‌తో ఆగుతుంది. నెల మానేసరికి మత్తును తట్టుకునే శక్తి ఒంటికి పోతుంది, కోరిక మాత్రం అలాగే ఉంటుంది. అప్పట్లో రోజూ తట్టుకున్న పొట్లమే ఇప్పుడు ప్రాణం తీస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ (మోతాదు మించి) చావు ముప్పు మామూలు జనం కన్నా 129 రెట్లు ఉంది. సెంటర్ నుంచి వచ్చినవాడికీ అదే కారణం వర్తిస్తుంది.

2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క తీసింది. బ్యుప్రెనార్ఫిన్ మానేసిన కాలంలో వెయ్యి మందికి ఏడాదికి 9.5 చావులు, వాడుతున్న కాలంలో 4.3. 2020లో 40 వేల మందికి పైగా రోగులను చూసిన మరో అధ్యయనంలో డీటాక్స్ (కొన్నాళ్లు ఉంచి మత్తు మాన్పించడం), కౌన్సెలింగ్, నాల్‌ట్రెక్సోన్ (మత్తు ఎక్కకుండా అడ్డుకునే మందు) లాంటివన్నీ పోల్చారు. ఓవర్‌డోస్ తగ్గింది బ్యుప్రెనార్ఫిన్ లేదా మెథడోన్ (హెరాయిన్ బదులు ఇచ్చే మరో మందు) వాడినవాళ్లలోనే: మూడు నెలలకు 76 శాతం, ఏడాదికి 59 శాతం. పెదనాన్నగారికి ఈ అంకెలు చూపించండి.

ఈ మందు మెదడులో హెరాయిన్ కూర్చునే చోటే కూర్చుంటుంది, కానీ సగమే పని చేస్తుంది. ఒంటినొప్పులు, తహతహ ఆగుతాయి. ఒక హద్దు దాటాక మోతాదు పెంచినా ఊపిరి మీద అణచివేత అంతగా పెరగదు. గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి పైన బ్రౌన్ షుగర్ పీల్చినా పెద్దగా ఎక్కదు.

ఆ గట్టిగా అతుక్కునే గుణమే మొదటిరోజు ఇబ్బంది తెస్తుంది. ఒంట్లో ఇంకా హెరాయిన్ ఉండగా వేస్తే దాన్ని ఒక్కసారిగా తోసేస్తుంది. గంటలోపే వాంతులు, విరేచనాలు, వణుకు. అప్పుడు "ఈ మందు పడలేదు" అని వదిలేస్తారు, నిజానికి తొందరపడి వేశారంతే. చివరిసారి పీల్చి కనీసం 12 గంటలు కావాలి. ఆవలింతలు, కళ్లూ ముక్కూ కారడం, చేతుల మీద రోమాలు నిక్కడం, కంటిపాపలు పెద్దవి కావడం కనిపించాకే మొదటి మాత్ర. సాధారణంగా 2 నుంచి 4 మి.గ్రా.తో మొదలుపెట్టి, రెండు గంటలు చూసి పెంచుతారు.

వేసుకునే తీరులోనే సగం మోతాదు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. మింగితే కాలేయం దాన్ని చాలామటుకు విరిచేస్తుంది, పని చేయదు. నోట్లో గుడాకు, ఖైనీ లాంటి పొగాకు ఉంటే ముందే పుక్కిలించి ఉమ్మేయాలి. నోరు ఎండి ఉంటే ఒక గుక్క నీళ్లు తాగి, నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరిగేదాకా, అంటే 5 నుంచి 10 నిమిషాలు, మాట్లాడకుండా, లాలాజలం మింగకుండా కూర్చోవాలి. కరిగాక నీళ్లతో పుక్కిలించి, పళ్లు మాత్రం గంట తర్వాతే తోముకోవాలి, లేకపోతే పళ్లు పాడవుతాయి. మాత్రలో నాలోక్సోన్ (హెరాయిన్ మత్తును విరిచే మందు) కలిసి ఉంటే కంగారు వద్దు: నాలుక కింద అది దాదాపు ఒంటికెక్కదు, కరిగించి సూదితో ఎక్కించుకుంటేనే పని చేస్తుంది.

మద్యం, నిద్రమాత్రలు (ఆల్‌ప్రాజోలం, డయాజెపాం) దీనితో కలిస్తే మళ్లీ ఊపిరి ప్రమాదం. కొన్ని రోజులు మాత్ర తప్పితే పాత మోతాదు సొంతంగా మొదలుపెట్టకండి, డాక్టరును అడగండి. "ఆరు నెలలైంది, ఇక ఆపేద్దాం" అని మీరే నిర్ణయించకండి. ఆపేశాక మొదటి నాలుగు వారాలు మళ్లీ ప్రమాదకాలం.

కొన్నిచోట్ల నాల్‌ట్రెక్సోన్ మాత్ర ఇచ్చి పంపుతారు. దానికి 7 నుంచి 10 రోజులు మత్తు పూర్తిగా మానాలి, రోజూ మింగాలి. ఆ మాత్ర మానేసిన రోజున ఒంటికి మత్తును తట్టుకునే శక్తి ఉండదు. మీ తమ్ముడి పరిస్థితిలో నాకది భయంగా ఉంది.

ఇంట్లో మళ్లీ పడిపోతే గుర్తులివి: పిలిచినా లేవడు, గుర్ర్‌మని గురక, పెదాలు నీలం, కంటిపాప ఆవగింజంత. ఛాతీ ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దినా కదలకపోతే 108కి ఫోన్ చేయండి. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, 5 సెకన్లకొకసారి నోటితో ఊపిరి ఊదండి. చింతపండు రసం, మజ్జిగ, ఉప్పునీళ్లు నోట్లో పోయొద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాలోక్సోన్ 0.4 మి.గ్రా. ఆంప్యూల్ ఒకటిరెండు ఇంట్లో ఉంచడానికి డాక్టరును చీటీ అడిగి, తొడ కండకు ఎలా వేయాలో చేయించి చూసుకోండి. 2, 3 నిమిషాల్లో ఊపిరి రాకపోతే ఇంకొకటి. లేచి కూర్చున్నాడని ఇంట్లోనే ఉంచేయకండి. నాలోక్సోన్ పని 30 నుంచి 90 నిమిషాలే, మత్తు అంతకన్నా నిలిచి మళ్లీ ముంచేస్తుంది. ఊపిరి బాగానే ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే ఉండండి.

పోలీసుల భయంతో ఆలస్యం చేయొద్దు. గుర్తింపు పొందిన చోట తానుగా చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి, కొద్ది మోతాదు కేసుల్లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదలకూడదు. పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వైపు వెళ్లేటప్పుడు మాత్రలతోపాటు డాక్టరు చీటీ, సెంటర్ కార్డు జేబులో ఉండాలి. కౌన్సెలింగ్ ఒడియాలో సాగుతుంటే మీ అమ్మగారికి తెలుగులో చెప్పమని అడగండి, బరంపురంలో తెలుగు వచ్చినవాళ్లు దొరుకుతారు. దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో 14446కి ఫోన్ చేస్తే చెబుతారు.