నాన్న 51 ఏళ్లకే పోయారు... నాకూ అంతేనా డాక్టరు గారూ?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా నాన్నగారు 1998లో, 51వ ఏట గుండెపోటుతో పోయారు. ఆ రాత్రి ఛాతీలో మంట అంటే గ్యాస్ అనుకుని సోడా తాగించాం. తెల్లారి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. నాది అచ్చం నాన్న పోలిక. బట్టతల, ముక్కు మీద కోపం, ఆవకాయ లేనిదే ముద్ద దిగకపోవడం, చివరికి గురక కూడా. నాన్న పద్యాలు బాగా పాడేవారు. నేనూ పాడేవాణ్ణి గానీ గుండెకు శ్రమేమోనని మూడేళ్లుగా మానేశాను. ఇంటావిడ చప్పిడి కూడు పెడుతోంది. స్నేహితులేమో ఎలాగూ పోయేదే, ఉన్నన్నాళ్లూ తిని తాగి తిరుగు అంటున్నారు. ఈసీజీ నార్మల్ అన్నారు. అయినా 51 దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టడం లేదు. నాకో తమ్ముడు (39), టెన్త్ చదివే అబ్బాయి ఉన్నారు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ సోడా సంగతి. అప్పటికి మీకు పదిహేడేళ్లుంటాయేమో. పెద్దవాళ్లకే తెలియని విషయం మీకెలా తెలుస్తుంది? ఇప్పటికీ మా దగ్గరికి గుండెపోటుతో వచ్చేవాళ్లలో చాలామంది సోడానో, గ్యాస్ మాత్రో వేసుకుని, రెండు మూడు గంటలు చూసి, అప్పుడు బయల్దేరతారు. రక్తనాళం మూసుకుపోయాక గుండె కండరం నిమిషాల లెక్కన దెబ్బతింటూ ఉంటుంది. అప్పట్లో మనకు 108 కూడా లేదు, అది 2005లో వచ్చింది. అంటే నాన్నగారి విషయంలో జబ్బు ఎంతో, ఆలస్యం కూడా అంతే. ఆ ఆలస్యం రక్తంలో రాదు.

ఇక పోలికలు. బట్టతలను నాన్న ఖాతాలో రాశారు గానీ, దానికి సంబంధించిన ముఖ్యమైన జన్యువు ఒకటి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి ఎక్స్ వచ్చేది అమ్మ నుంచే. ఈసారి పెళ్లిలో కలిసినప్పుడు మేనమామల తలలు ఓసారి చూడండి.

గుండె సంగతి ఇలా ఒక్క జన్యువుతో తేలదు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండె జబ్బు వస్తే దాన్ని మేం గట్టిగానే పట్టించుకుంటాం. అలాంటి ఇంట్లో పుట్టినవాళ్లకు రిస్క్ సుమారు రెట్టింపు ఉంటుంది. రెట్టింపు అంటే తప్పదని కాదు. 51 అనే అంకెకు మీ ఒంట్లో ఎక్కడా చోటు లేదు, అది మీ మనసులో ఉంది. జన్యుపరంగా రిస్క్ ఎక్కువున్నవాళ్లలో కూడా సిగరెట్ జోలికి పోకుండా, బరువు పెరగకుండా, నడుస్తూ, తిండి సరిగ్గా తిన్నవాళ్లకు గుండె జబ్బులు దాదాపు సగం తక్కువని 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది.

మీరు రాయని సంగతులు కొన్ని ఉన్నాయి. నాన్నగారు సిగరెట్లు, చుట్టలు కాల్చేవారా? బీపీ, షుగర్ ఉండేవా? ఎప్పుడైనా చూపించుకున్నారా? అమ్మగారినో బాబాయిలనో కూర్చోబెట్టి అడగండి. రోజుకు రెండు పెట్టెలు కాల్చి పోయినాయన చావును, కాల్చని కొడుకు తన జాతకం అనుకోకూడదు.

నవ్వులాటగా రాసిన ఆ గురకే నాకు అనుమానం. నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగి, ఉలిక్కిపడ్డట్టు మళ్లీ మొదలవుతోందా? ఇది మీకు తెలియదు, ఇంటావిడను అడగాలి. పొద్దున్నే తలనొప్పి, మధ్యాహ్నం మిర్చి బస్తాల మధ్య కూర్చుని కునుకు... ఇవి కూడా ఉంటే స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో ఊపిరి తీరు చూసే పరీక్ష) చేయించాలి. నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు బీపీని పెంచుతుంది, గుండెను అలసటకు గురిచేస్తుంది. పెద్ద మెడ, ఇరుకు గొంతు తండ్రి నుంచి రావచ్చు, కానీ దీనికి మంచి చికిత్స ఉంది. నిద్ర పట్టకపోవడానికి టెన్షన్ ఒక్కటే కారణమని ముందే తేల్చేసుకోవద్దు.

ఈసీజీ నార్మల్ అంటే ఆ నిమిషానికి బాగుందని మాత్రమే, రక్తనాళాల్లో కొవ్వు పేరుకుందో లేదో అది చెప్పదు. బీపీ, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), మూడు నెలల షుగర్ చూసే హెచ్‌బీఏ1సీ చేయించండి. నడుం చుట్టుకొలత మనవాళ్లలో మగవారికి 90 సెంటీమీటర్లు దాటకూడదు. దీనికి టేపు చాలు. మీలాంటివాళ్లకు ఇంకో పరీక్ష తప్పక చెబుతాను, లైపోప్రోటీన్-ఎ అని, రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు. ఇది చాలావరకు పుట్టుకతో వచ్చేదే, జీవితంలో ఒక్కసారి చూస్తే సరిపోతుంది. 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా విషయాల్లో ఇంకా గట్టిగా ఉండాలి. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 190 దాటితే మాత్రం కుటుంబంలో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బేమో చూడాలి. అది పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం, అప్పుడు మీ అబ్బాయికీ పరీక్ష చేయించాలి. మందులు, టీఎంటీ (నడిపిస్తూ తీసే ఈసీజీ), కాల్షియం స్కోర్ (గుండె రక్తనాళాల స్కాన్) వంటివి రిపోర్టులు చూసిన డాక్టరు చెబుతారు.

ఇంటావిడకు నా మాటగా చెప్పండి, చప్పిడి కూడు అక్కర్లేదు. కారం గుండెకు శత్రువు కాదు. (మిర్చి యార్డు మనిషికి ఈ మాట చెప్పడం నాకూ సంతోషమే.) శత్రువు ఆవకాయలోని ఉప్పు. రోజుకు అన్నీ కలిపి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటకూడదు. మనం పప్పులో కొంత, కూరలో కొంత వేసుకుని ఆ పైన రెండు పూటలా ఊరగాయ కలుపుతాం. జాడీ అటకెక్కించక్కర్లేదు, వారానికి రెండుసార్లు బద్ద పెట్టుకోండి. స్నేహితుల సలహా మాత్రం మీ రిస్క్‌కు సరిపడదు. వాళ్లను తాగుడుకు బదులు పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియానికి రమ్మనండి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు.

పద్యం ఆపమని మీకెవరు చెప్పారు? మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టుండటం లేకపోతే హాయిగా పాడుకోండి. అవి ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి, తర్వాత రాగం తీయండి. నాన్న నుంచి వచ్చినవాటిలో మీరు వదిలేసింది ఆ ఒక్కటే, ఆవకాయ మాత్రం వదల్లేదు. మా నాన్నకు షుగర్, నాకు 46లో వచ్చింది. ఆయన పొద్దున్నే లేచి నడిచే అలవాటు కూడా నాకే వచ్చింది కాబట్టి నెట్టుకొస్తున్నాను.

తమ్ముడికీ ఇవే పరీక్షలు చేయించండి, అతనూ ఆ తండ్రి బిడ్డే. ఇంట్లో ఎవరికైనా ఛాతీలో మంట, బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు వస్తే సోడా వెతక్కుండా 108కి ఫోన్ చేయండి. సీజన్ అయ్యాక, యార్డుకు వేసవి సెలవులిచ్చాక చూద్దాం అనుకుంటారేమో, ఈ వారమే వెళ్లండి. రిపోర్టులు రాగానే మళ్లీ రాయండి, అమ్మగారు చెప్పిన సంగతులతో సహా.