కాల్షియం చానెల్స్ మీద రీసెర్చా, ఏఐ కోర్సా? ఆదోని నాన్నకు జవాబు

ఆదోని నుంచి ఒకాయన రాసినారు. పాపకు నీట్‌లో సీటు రాలేదు, కర్నూల్లో బీఎస్సీ బయోకెమిస్ట్రీ సెకండియర్. ఇప్పుడేమో సెల్ లోపలికి కాల్షియం ఎట్ల పోతాదో ఆ చానెల్స్, అంటే సెల్ పొరలో తెరుచుకొని మూసుకునే ప్రోటీన్ దారుల మీద రీసెర్చ్ చేస్తానంటోందంట. బావమరిదేమో డిగ్రీ మానిపించి ఏఐ డ్రగ్ డిజైన్ కోర్సులో చేర్పించు, ఆరు నెల్లు, లక్షన్నర, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నాడంట. "కాల్షియం అంటే ఎముకల మాత్రలే కదా, దాంట్లో రీసెర్చ్ ఏముంటాది, రెండిట్లో ఏది మేలో చెప్పండి" అని అడిగినారు.

అన్నా, చెప్తా గానీ ఇట్లాంటి మెసేజ్‌లు నాకు చానా వస్తాయి, అన్నిటి అడుగున ఉండే మాట ఒకటే, ఇంకా ఎన్నేండ్లు చదువుతాది, పెండ్లి ఎప్పుడు చేయాల అని. దానికి కిందకొస్తా.

ముందు ఆ ఎముకల మాత్ర సంగతి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఒకరు బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటానే ఉంటారు. అది చేసేదేందంటే రక్తనాళాల కండరంలోకి కాల్షియం పోయే చానెల్‌ని కొంత అడ్డుకుంటాది, కండరం వదులై బీపీ దిగుతాది. సెల్ బయట కాల్షియం లోపలికన్నా సుమారు 10,000 రెట్లు ఎక్కువ, అందుకే చానెల్ కొన్ని మిల్లీసెకన్లు తెరుచుకున్నా చాలు, తోసుకొని వచ్చేస్తాది, గుండె కొట్టుకునేదే ఆ కాస్త కాల్షియంతో. ఇంకో విచిత్రం చూడండి, బయట సోడియం కాల్షియం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువుంటాది, సైజు కూడా ఇంచుమించు అంతే, అయినా ఈ చానెల్ కాల్షియాన్నే ఏరుకొని పంపిస్తాది. దాని గొంతులో గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాలు నాలుగు నెగటివ్ చార్జ్‌తో కాపలా ఉంటాయి, రెండు పాజిటివ్ చార్జ్‌లుండే కాల్షియం వాటికి గట్టిగా అతుక్కుంటాది, వెనక ఇంకోటి వస్తే ముందుది లోపలికి జారుతాది.

2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకపోయినప్పుడు ఎల్ఎల్‌సీ (దిగువ కాలువ) కింద రైతులు ఎంత అల్లాడినారో మీకు నేను చెప్పాల్నా? ఇక్కడా అంతే, తెరుచుకోవడం ఎంత ముఖ్యమో టైముకు మూతపడడం అంత ముఖ్యం. టిమోతి సిండ్రోమ్ అని ఒకటుంది, ఈ చానెల్ జీన్‌లో ఒక్క అక్షరం మారి అది సరిగ్గా మూసుకోదు, పసిపిల్లల గుండె లయ తప్పుతాది. మీ పాప చదువుతానంటున్నది దీన్ని. మీరేమో మాత్రల డబ్బా అంటిరి!

ఇంక ఏఐ. దాని మీద నాకు కోపం లేదు, ప్రోటీన్ ఆకారాన్ని అంచనా కట్టే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ చేసినోళ్ళకు 2024లో నోబెల్ కూడా వచ్చింది, గొప్ప పనే. కానీ చానెల్ ఒక బొమ్మలాగా కదలకుండా ఉండదు, మూసి ఉంటాది, తెరుచుకుంటాది, తెరుచుకొని మొండికేస్తాది, ఆమ్లోడిపిన్ లాంటి మందులు ఆ మొండికేసిన స్థితిలోనే బాగా పట్టుకుంటాయి. ఇదంతా తెలియని పిల్లకు ఆరు నెల్లు సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కడం నేర్పిస్తే మందు ఎంత బాగా అతుక్కుంటాదో చెప్పే స్కోర్ వస్తాది, ఆ స్కోర్‌కు అర్థమేందో తెలియదు. ఆ పని నిజంగా చేసేవాళ్ళకు మ్యాథ్స్, కోడింగ్, బయాలజీ మూడూ వచ్చుంటాయి. ఇట్లాంటి సర్టిఫికెట్ పట్టుకొని హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్‌లో, అంటే రోగుల రికార్డులకు కోడ్‌లు వేసే పనిలో చేరిన పిల్లల్ని నేను చూసినా, తప్పు కాదు, కానీ దానికి లక్షన్నర ఎందుకు?

రీసెర్చ్ కూడా పూలబాట ఏం కాదు. ఒక్కో చానెల్ కరెంట్ కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతిని నెహెర్, సక్‌మన్ అనే సైంటిస్టులు 1976లో చూపించినారు, 1991లో నోబెల్ వచ్చింది, ఇప్పటికీ అది చేతి ఓపికతో చేసే పనే. పీహెచ్‌డీకి ఐదారేండ్లు పడతాది. అయితే నెట్ లాంటి పరీక్షతో వచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఫెలోషిప్, అంటే అన్నా, ఆ ఏండ్లు పాప మీ మీద ఆధారపడదు. పెండ్లికి పీహెచ్‌డీ అడ్డమని ఎవరన్నారు? నీట్ పోయిందని ఇంట్లో ఇంకా దెప్పుతున్నారా? ఆపండి. పిల్ల తనంతట తాను ఒకటి ఇష్టపడింది, చానామంది పిల్లలకు ఆ ఇష్టమే దొరకదు. భయపడాల్సిన కేసు కాదిది.

డిగ్రీ మాత్రం మానిపించొద్దు. డిగ్రీ తర్వాత పై చదువులకు పెట్టే ఐఐటీ జామ్ పరీక్ష రాయించండి, బెంగళూరు ఐఐఎస్‌సీలో బయాలజీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి (మాస్టర్స్, పీహెచ్‌డీ కలిపి) ఆ స్కోరే దారి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు అప్లై చేయమనండి. కంప్యూటర్ మోజుంటే న్యూరాన్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, చానెల్ తెరిస్తే కరెంట్ ఎట్ల మారుతాదో దాంట్లోనే చూసుకోవచ్చు, పైథాన్ కూడా దాంతోనే వచ్చేస్తాది, పైసా ఖర్చు లేదు. బావమరిది మాట విని ఆ కోర్సుకు అడ్వాన్స్ గాని కట్టుంటే రేపే పోయి రిఫండ్ అడగండి, రసీదు మర్చిపోవద్దు.