లైన్ చెప్పకు, రాసి ఇవ్వు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. షార్ట్ ఫిల్మ్ లైన్, అదే మూడు నాలుగు వాక్యాల కథ, నలుగురికి వినిపిస్తే నలుగురూ నాలుగు రకాలుగా లాగారనీ, ఇప్పుడు అది నీ కథలానే లేదనీ రాశావు. ఒకరు కొడుకుని విలన్ చేయమన్నారు. ఇంకొకరు సైబర్ క్రైమ్ కలపమన్నారు. మూడో ఆయన టైపిస్టుని ఎవరు చూస్తారు, లాయర్ని చెయ్యి అన్నాడు. నాలుగో మనిషి ‘పాయింట్ బాగుంది’ అని టీ తాగి వెళ్లిపోయాడు. సినిమావాళ్లు తిరిగే కృష్ణానగర్ టీకొట్ల దగ్గర ఆ మాట ఊరికే దొరుకుతుంది, లెక్కలో వేసుకోకు.

ఒకటి అడుగుతాను. వాళ్లకి లైన్ నోటితో చెప్పావా, చదవమని ఇచ్చావా? చెప్పే ఉంటావు. మన దగ్గర అంతా నరేషన్ మీదే నడుస్తుంది కదా. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా నోటితోనే ఇచ్చేస్తాం, ఇంటర్వెల్ దగ్గర కుర్చీలోంచి లేచి నిలబడతాం. అవకాశం దొరకాలంటే ఆ విద్య కావాలి, కాదనను. లోపం తెలుసుకోవడానికి మాత్రం అది పనికిరాదు. బాగా చెప్పేవాడి లైన్‌లో చిల్లు ఎవరికీ కనబడదు. తడబడేవాడి చేతిలో మంచి లైన్ కూడా తేలిపోతుంది. అందుకే అభిప్రాయం కావాలనుకున్నప్పుడు మూడు నాలుగు వాక్యాలు రాసి వాట్సాప్‌లో పంపించి ఊరుకో. ‘అసలు నా ఉద్దేశం ఏంటంటే’ అని మొదలుపెట్టావంటే, ఆ ఉద్దేశం నువ్వు రాసినదాంట్లో లేదన్నమాట.

నీ లైన్ నాకు అర్థమైనంత వరకు ఇదీ: నాంపల్లి కోర్టు బయట చెట్టు కింద దరఖాస్తులు టైప్ చేసుకునే ఒక పెద్దాయన. ఒకరోజు ఒక అమ్మాయి వచ్చి ఫిర్యాదు టైప్ చేయమంటుంది. సగంలో ఆయనకి తెలుస్తుంది, అందులో ఉన్నది తన కొడుకు పేరని.

నాకు నచ్చింది. నేను ఆగిపోయిన చోటు కూడా చెబుతాను. పక్క బల్ల దగ్గరే ఇంకో టైపిస్టు ఉంటాడు. ఈయన ‘ఇవాళ మెషిన్ పాడైంది’ అంటే ఆ అమ్మాయి అటు వెళ్లిపోతుంది, కథ అక్కడితో అయిపోతుంది. ఆయన ఎందుకు కాదనలేడు?

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. అదే వచ్చిన చిక్కు. నేను చెబితే అది నా కథ అవుతుంది. కానీ నువ్వే ఉత్తరం చివర్లో, కొట్టేసిన వాక్యంలో రాశావు చూడు, ఆయన ఒక తేదీ మార్చేస్తే కేసు బలహీనపడుతుందని. దాన్నెందుకు కొట్టేశావు? పనిని పక్క బల్లకి పోనివ్వకుండా ఆయనే ఎందుకు తీసుకుంటాడో అందులోనే ఉంది.

ఆ ముగ్గురి సలహాలూ పక్కన పెట్టు. వాళ్లు అలా అనడానికి కారణం మాత్రం వెతుకు. ముగ్గురూ మార్చమన్నది తండ్రీకొడుకుల వైపునే. అంటే తండ్రి ఏం చేయబోతున్నాడో లైన్‌లో లేదని వాళ్లకి తోచింది, దాన్ని ఎవరికి తోచిన సరుకుతో వాళ్లు నింపారు. రెండ్రోజులు ఆగి, వాళ్లలో ఒకరిని నీ లైన్ నీకే తిరిగి చెప్పమను. కోర్టు, టైపు మెషిన్ మర్చిపోయి ‘కొడుకుని కాపాడుకునే తండ్రి’ అన్నారంటే, ఆ చెట్టూ ఆ బల్లా అలంకారానికే ఉన్నాయని తేలుతుంది.

నీ రూమ్మేట్ దెయ్యం లైన్ గురించి ఏం చెప్పాలని అడిగావు. నీకు దెయ్యాల కథలు పడవన్న సంగతి అతనికి అనవసరం. నీకేం అర్థమైందో ముందు చెప్పు, ఎక్కడ నమ్మలేకపోయావో తర్వాత చెప్పు. అడిగేదాకా రిపేరు మొదలుపెట్టకు. ‘ఇది ఫలానా సినిమాలా ఉందే’ అన్న మాటతో చర్చ చచ్చిపోతుంది, మూడు వాక్యాల్లో చెబితే ప్రతి కథా దేనిలాగో ఒకదానిలాగే ఉంటుంది. మలుపూ ముగింపూ కూడా కలిస్తే అప్పుడు పక్కకి పిలిచి చెప్పు.

నీ లైన్ ఎవరైనా దొంగిలిస్తారేమోనని టెన్షన్ పడుతున్నావు. దొంగిలించేవాళ్లు లేరని అబద్ధం చెప్పను. 1978లో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఉత్త ఆలోచనకీ ఇతివృత్తానికీ కాపీరైట్ ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది. కాబట్టి లైన్‌ని ట్రంకుపెట్టెలో దాచుకుని లాభం లేదు. సీన్లతో సహా రాసెయ్, తేదీతో మెయిల్‌లో పెట్టుకో, వీలైతే రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించు. నిర్మాతల ఆఫీసులకి తిరిగేది ఆ తర్వాతే. నీ రూమ్మేట్ దగ్గర మాత్రం ఇవన్నీ అక్కర్లేదు, అతని దెయ్యం అతనికే సరిపోతుంది.

ఆ తేదీ వాక్యం వెనక్కి పెట్టి లైన్ మళ్లీ రాయి. రాస్తున్నప్పుడు ఇంకోటి చూసుకో: ఆ అమ్మాయి సంతకం పెట్టేముందు కాగితం ఒకసారి చదువుకోదా?

నీ అన్న,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్